మూడు మంచి హెడ్‌ఫోన్లున్నాయి, నాలుగోది కొనాలా?

మీ దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఉంది (ఓపెన్ బ్యాక్, అంటే కప్పు వెనక తెరిచి ఉండేది), ఒక క్లోజ్డ్ బ్యాక్ ఉంది (కప్పు వెనక మూసి ఉండేది), ఒక ప్లేనార్ ఉంది (పల్చటి పొరతో ధ్వని పుట్టించేది). ఇప్పుడు మనసు అదే కంపెనీ హెచ్‌డీ 650 మీదికి పోయింది, అసలు ఎన్ని ఉంటే చాలని అడుగుతున్నారు. నా జవాబు: రెండు. మూడోది ఉంటే దానికో గట్టి కారణం ఉండాలి. నాలుగోది మొదలైతే అది పాటలు వినే సరదా కాదు, వస్తువులు సేకరించే సరదా. అందులో తప్పేమీ లేదు, కాకపోతే దాని లెక్క వేరు.

రెండు ఎందుకంటే, ఒకటి చేసే పని రెండోది చెయ్యలేదు కాబట్టి. ఓపెన్ బ్యాక్‌లో డ్రైవర్, అంటే ధ్వని పుట్టించే భాగం, వెనక తెరిచి ఉంటుంది. గదిలో ఫ్యాను మోత మీ చెవిలోకొస్తుంది, మీరు వినే పాట పక్కవాళ్ల చెవిలో పడుతుంది. పాట తలలో ఇరుక్కున్నట్టు కాకుండా విశాలంగా వినిపించేది కూడా అందుకే. క్లోజ్డ్ బ్యాక్ బయటి చప్పుడు తగ్గిస్తుంది గానీ, వెనక్కి వెళ్లిన ధ్వని కప్పులోనే కొట్టుకుంటుంది. పైగా దాని బేస్ అంతా ప్యాడ్ చెవి చుట్టూ ఎంత బిగుతుగా కూర్చుందన్న దాని మీదే ఆధారపడుతుంది. నాకు కళ్లజోడుంది. ఫ్రేము కాడ దగ్గర సన్నటి సందు ఏర్పడితే చాలు, బేస్ జారిపోతుంది. ఈ తేడాలేవీ ఈక్వలైజర్‌తో, అంటే బేస్, ట్రెబుల్ వంటివి విడివిడిగా పెంచి తగ్గించే సాధనంతో, పూడ్చేవి కావు. అందుకే రెండూ ఉండాలంటాను. బయట తిరిగేటప్పుడు పెట్టుకునే ఇయర్‌ఫోన్లను ఈ లెక్కలో వెయ్యను.

ఇక మీరు అడిగిన హెచ్‌డీ 650 సంగతి. కొన్నాళ్లు నా దగ్గర 600, 650 రెండూ పక్కపక్కనే ఉండేవి. 600 వచ్చింది 1997లో, 650 వచ్చింది 2003లో. ఒంటి తీరు ఒకటే, విద్యుత్ నిరోధం (ఇంపీడెన్స్) కూడా రెండింటికీ 300 ఓములే. వినగానే 650 కాస్త వెచ్చగా, నిండుగా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను, కానీ నమ్మే ముందు రెండింటి వాల్యూమ్ సమానం చేసి చూశాను. ఇది చాలామంది చెయ్యరు. నాబ్‌ను ఒకే గుర్తు దగ్గర పెట్టినంత మాత్రాన రెండు హెడ్‌ఫోన్లు సమానంగా మోగవు. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా చెవికి అది 'పెద్ద శబ్దం' అని తెలియదు, 'మంచి శబ్దం' అని తోస్తుంది. ఇయర్‌కప్పు దగ్గర మైకు పెట్టి, ఒకే పింక్ నాయిస్ (కొలతలకు వాడే జోరువాన లాంటి చప్పుడు) వినిపించి, రెండూ ఒక్క స్థాయికి వచ్చేదాకా సర్దాను.

అలా సర్దాక మిగిలింది చిన్న తేడా. గాయని 'స', 'శ' పలికేచోట 600లో అంచు కొంచెం పదునుగా ఉంది, 650లో ఒక పిసరు మెత్తబడింది. డబుల్ బేస్ తీగ మీటినప్పుడు 650లో దాని ఒళ్లు కాస్త లావుగా వినిపించింది. తర్వాత 600కి ఈక్వలైజర్‌లో బేస్ రెండు డెసిబెల్స్ పెంచి, పైన ట్రెబుల్ కొద్దిగా దించితే, ఏది ఏదో చెప్పడానికి నేను ఆగి ఆలోచించాల్సి వచ్చింది. 650 అమ్మేశాను. అది చెడ్డదని కాదు, చాలా మంచిది. దాన్నే ముందు కొని ఉంటే 600ను అమ్మేవాణ్ని.

ధర ఎక్కువైతే ట్యూనింగ్ బాగుంటుందన్న నమ్మకం కూడా వదిలెయ్యండి. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో 283 హెడ్‌ఫోన్ల కొలతలు చూస్తే, ధరకూ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ (బేస్ నుంచి ట్రెబుల్ దాకా ఏ స్వరం ఎంత గట్టిగా మోగుతుందన్న కొలతకూ) పొంతన కనబడలేదు. డబ్బు పోసినకొద్దీ తయారీ నాణ్యత, సౌకర్యం, స్పష్టత వంటివి పెరగొచ్చు, ఎప్పుడూ పెరుగుతాయని కూడా చెప్పలేం.

మూడోదానికి నేను ఒప్పుకునే కారణం డ్రైవర్ జాతి వేరు కావడం. హెచ్‌డీ 600 డైనమిక్, అంటే డయాఫ్రమ్‌కు (ధ్వని పుట్టించే పొరకు) అతికించిన తీగచుట్ట దాన్ని ముందుకీ వెనక్కీ నెడుతుంది. ప్లేనార్‌లో పల్చటి పొర మీదే లోహపు దారులు పరిచి ఉంటాయి, అయస్కాంతాల మధ్య పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. ఓపెన్ బ్యాక్ అయినా సరే, బాగా కింది బేస్ సన్నబడకుండా నిలబడుతుంది. 600లో అది ఎంత ఈక్వలైజ్ చేసినా పూర్తిగా రాదు, మరీ పెంచితే డ్రైవర్ మొరాయిస్తుంది. కాబట్టి మీ ప్లేనార్‌కు ఇంట్లో చోటుంది. దాని సమస్యల్లా బరువు. ఆడీజ్ ఎల్‌సీడీ-2 లాంటిది సుమారు అర కిలో తూగుతుంది, 600 దాంట్లో దాదాపు సగమే. స్టాండ్ మీద రెండూ ఉంటే రాత్రిపూట నా చెయ్యి ఎటు పోతుందో మెడ నిర్ణయిస్తుంది, చెవి కాదు.

ఎలెక్ట్రోస్టాటిక్ (స్థిర విద్యుత్తుతో పొరను కదిలించే రకం) వైపు చూస్తున్నారా? 1960లో స్టాక్స్ అనే జపాన్ కంపెనీ మొదలుపెట్టిన దారి అది. ఇప్పటి స్టాక్స్ మోడళ్లలో పొరకు నిరంతరం 580 వోల్టుల బయాస్ (స్థిర వోల్టేజీ) ఇవ్వాలి, మామూలు ఆంప్‌కు (యాంప్లిఫయర్‌కు) తగిలిస్తే పలకవు, వాటి కోసమే చేసిన ఎనర్జైజర్ అనే ప్రత్యేక ఆంప్ వాటికి ఉండాల్సిందే. హైఫైమ్యాన్ సుస్వారా ప్లేనారే గానీ సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా మోగుతుందన్నది) 83 డెసిబెల్సే, దానికో బలమైన ఆంప్ వెతకాలి. ఈ స్థాయిలో హెడ్‌ఫోన్ ఒక్కటే రాదు, బలగాన్నంతా వెంటేసుకుని వస్తుంది. అందుకే ఎన్ని హెడ్‌ఫోన్లని కాదు, ఎన్ని పెట్టెలని లెక్కపెట్టుకోండి.

సేకరణే మీ సరదా అయితే నా మాట పట్టించుకోకండి. 1968 నాటి సెన్‌హైజర్ హెచ్‌డీ 414, ఆ పసుపుపచ్చ ఫోమ్‌తో, ఎక్కడైనా కనిపిస్తే నాకూ చెయ్యి ఆగదు. అలాంటిది కొనేది వినడానికి కాదుగా! ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వాడకుండా దాచినవి కూడా పాడవుతాయి. కృత్రిమ తోలు ప్యాడ్లు బీరువాలోనే పొట్టు రాలుస్తాయి. తయారీ ఆగిపోయిన మోడల్‌కు విడిభాగాలు దొరకడం కష్టం.

650 ఆర్డర్ పెట్టే ముందు మీ 600 ప్యాడ్లు మార్చి చూడండి. పాతబడ్డ ప్యాడ్ అణిగిపోతే డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, ధ్వని మారుతుంది. ఆ మోడల్‌లో ప్యాడ్లు, కేబుల్ చేత్తోనే ఊడొస్తాయి, ఎవరి సాయమూ అక్కర్లేదు. మార్చాక ఒక వారం దాంతోనే వినండి. హెడ్‌ఫోన్ మార్చిన ప్రతిసారీ చెవికి సర్దుకోవడానికి కొంత టైము పడుతుంది, కాబట్టి మొదటి పాటతో తీర్పు చెప్పెయ్యొద్దు. ఆ తర్వాత కూడా 650 మీద కోరిక తగ్గకపోతే, ఎవరిదైనా అరువు తెచ్చుకుని పైన చెప్పినట్టు వాల్యూమ్ సర్ది పోల్చండి.

మీ ప్లేనార్ ఏ మోడలో, ఏ ఆంప్‌తో వింటున్నారో రాయలేదు. అది చెబితే, మూడింట్లో ఏది తీసేసినా మీకు లోటు రాదో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.