కాటా తప్పా, సంచిలో తేమా?

ప్రశ్న: 1998లో సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను చూసి విశ్వం రానురాను వేగంగా విస్తరిస్తోందని కనుక్కున్నారు. కారణం డార్క్ ఎనర్జీ అని కొందరు, గురుత్వాకర్షణ సూత్రాన్నే మార్చాలని కొందరు అంటున్నారు. ఏది నిజమో ఎట్లా తేలుస్తారు సార్? కాలేజీ సెమినార్లో చెప్పాలి.
– డిగ్రీ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, నీ ప్రశ్న చదవగానే మా నాయన గుర్తొచ్చినాడు. అనంతపురం పక్కన మా పల్లెలో బుడ్డలు (వేరుశనగ కాయలు) అమ్మేటప్పుడు తూకంలో తేడా వస్తే ఆయన అరిచేవాడు కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న 20 కిలోల తూకంరాయి కాటా మీద పెట్టించేవాడు. కాటా సరిగ్గా ఉంటేనే సంచి విప్పి తేమ చూసేవాడు.

సంచిలో ఇంకేదో ఉందనడం, అంటే విశ్వంలో కనబడని శక్తి ఏదో నిండి ఉందనడం డార్క్ ఎనర్జీ వాదం. కాటానే, అంటే గురుత్వాకర్షణ సూత్రాన్నే మార్చాలనడం రెండోది. ఇదివరకు రెండూ జరిగాయి. యురేనస్ నడకలో తేడా చూసి ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు లెవెరియే వేసిన లెక్క ప్రకారం వెతికితే 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి కక్ష్యలో శతాబ్దానికి 43 ఆర్క్ సెకండ్ల (ఒక ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) తేడాకు కూడా ఆయన కనబడని గ్రహాన్నే ఊహించాడు. అది దొరకనే లేదు. 1915లో ఐన్‌స్టీన్ కాటాను మార్చాడు, లెక్క కుదిరింది.

విస్తరణ ఒక్కటే చూస్తే రెండు వాదాలూ ఒకే అంకె చూపించగలవు. అందుకే ఇంకోచోట తూచాలి. 2017 ఆగస్టు 17న అట్లాంటి తూకంరాయి ఒకటి ఆకాశం నుంచే వచ్చింది. రెండు న్యూట్రాన్ తారలు, అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రాల్లో మిగిలిన చాలా దట్టమైన గుండెలు, ఢీకొన్నాయి. ఆ దెబ్బకు పుట్టిన గురుత్వ తరంగాలూ (స్థలకాలంలో పుట్టే అలలు), కాంతిలాంటివే అయిన గామా కిరణాలూ సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం వచ్చి, 1.7 సెకండ్ల తేడాతో భూమిని చేరాయి. ఆ కాస్త తేడా కూడా కిరణాలు ఆలస్యంగా బయల్దేరడం వల్ల కావచ్చు. నమ్మలేక ఆ అంకెను మళ్లీ మళ్లీ చదువుకున్నాను. గురుత్వ తరంగాలకు కాంతి కన్నా వేరే వేగం ఉండాలన్న గెలీలియాన్ తరహా కొత్త గురుత్వ సూత్రాలు చాలావరకు ఆ ఒక్క పరీక్షలోనే పోయాయి.

ఎఫ్ ఆఫ్ ఆర్, f(R), అనే ఇంకో రకం మార్పు సూత్రం మాత్రం నిలిచింది, దాంట్లో తరంగం కాంతి వేగంతోనే పోతుంది కాబట్టి. దానికి వేరే తూకం ఉంది. అందులో గెలాక్సీలను లాగే బలం మూడో వంతు దాకా పెరగొచ్చు, కాంతిని వంచే బలం దాదాపు మారదు. కాబట్టి ఒకే గెలాక్సీల గుంపును రెండు రకాలుగా తూస్తారు: గెలాక్సీలు కదిలే తీరుతో ఒకసారి, వెనకనుంచి వచ్చే కాంతి వంగే తీరుతో ఒకసారి. రెండు బరువులూ కలవకపోతే కాటాను అనుమానించాల్సిందే. గెలాక్సీలు ఎంత త్వరగా గుంపు కడుతున్నాయన్నది ఇంకో పరీక్ష. అరిజోనాలోని డెసీ సర్వే దాదాపు 60 లక్షల గెలాక్సీలనూ, క్వేజార్లనూ (చాలా దూరాన మెరిసే గెలాక్సీ కేంద్రాలను) లెక్కగట్టి 2024 నవంబరులో చెప్పిన ఫలితం ఐన్‌స్టీన్ సూత్రంతో సరిపోయింది.

అదే సర్వే 2025 మార్చిలో డార్క్ ఎనర్జీ కాలంతోపాటు బలహీనపడుతోందేమోనన్న సూచన ఇచ్చింది. ఆవిష్కరణ అనడానికి కావలసిన 5 సిగ్మా, అంటే యాదృచ్ఛికం కాదని చెప్పేంత గట్టి రుజువు, ఇంకా రాలేదు. నా మట్టుకు నాకు కాటా మీద నమ్మకముంది, సంచి మీదే అనుమానం.

నీ సెమినార్‌ను ఆ 1.7 సెకండ్లతో మొదలుపెట్టమ్మా. బోర్డు మీద 13 కోట్ల ఏళ్లను సెకండ్లలోకి మార్చి, పక్కనే 1.7 రాయి.