హీత్‌కిట్ సెట్టు కొనబోయే ముందు

చిరంజీవి రాఘవకు,

ఆశీస్సులు. మే నెలలో ఒహాయోలోని జీనియాలో జరిగే హామ్‌వెన్షన్‌కు, అంటే హామ్‌ల (అభిరుచి కొద్దీ రేడియో ప్రసారాలు చేసేవారి) మేళాకు వెళ్లి, అక్కడి పాత సామాన్ల సంతలో హీత్‌కిట్ హెచ్‌డబ్ల్యు-101 రేడియో సెట్టు ఒకటి కొనాలనుకుంటున్నట్లు రాశావు. కొనవద్దని చెప్పను. కాకపోతే ఆ కంపెనీ చరిత్ర కొంత తెలుసుకొని వెళ్లు. తక్కిన కంపెనీల చరిత్ర కాలక్షేపానికి పనికివస్తుందేమో గానీ, హీత్‌కిట్ చరిత్ర బేరానికే పనికివస్తుంది.

ఆ సంస్థ రేడియోలతో మొదలు కాలేదు. ఎడ్వర్డ్ హీత్ అనే వైమానికుడు, కొన్నవారే బిగించుకొనే చిన్న విమానాన్ని విడిభాగాలుగా అమ్మేవాడు; 1931లో విమాన ప్రమాదంలోనే మరణించాడు. 1935లో హోవర్డ్ ఆంథోనీ ఆ సంస్థను కొని, మీ మిషిగన్‌లోనే ఉన్న బెంటన్ హార్బర్ కేంద్రంగా నడిపాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యానికి మిగిలిపోయిన ఎలక్ట్రానిక్ సామాను కారుచౌకగా దొరకడంతో, అందులోని క్యాథోడ్-రే ట్యూబులను (తెర ట్యూబులను) ఆధారం చేసుకొని 1947లో 39.50 డాలర్లకే ఆసిలోస్కోపు (విద్యుత్ సంకేతాల ఆకారాన్ని తెరపై చూపే పరికరం) కిట్‌ను బజారులో పెట్టాడు. తయారైన ఆసిలోస్కోపు సామాన్యులు కొనలేని వస్తువుగా ఉన్న రోజులు కనుక అది విపరీతంగా అమ్ముడుపోయింది. విమానాన్ని అమ్మిన పద్ధతే పరికరాలకూ వర్తించిందన్నమాట. 1950లలో హామ్ ట్రాన్స్‌మిటర్ల కిట్లు, తరువాతి దశకంలో ఎస్‌బి అనే పేరుతో సెట్ల వరుస, 1970లో నీవు కోరుకుంటున్న హెచ్‌డబ్ల్యు-101 వచ్చాయి.

ఇక్కడ నీవు గ్రహించవలసిన సంగతి ఒకటుంది. హీత్ కంపెనీ ప్రధానంగా అమ్మింది మాన్యువల్‌ను. ఏ తీగ ఎంత పొడవు కత్తిరించాలి, ఏ కొసను ఇప్పుడే సోల్డర్ చేయాలి, దేనిని మరో తీగ వచ్చేవరకు వదిలివేయాలి అన్నది వరుసగా చెప్పి, ప్రతి మెట్టు పక్కనా టిక్కు పెట్టుకోవడానికి చోటు విడిచిన పుస్తకమది. మన దేశంలో మా తరం హామ్‌లలో చాలామంది సర్‌ప్లస్ భాగాలతో సొంతంగా సెట్లు కట్టుకున్నవారే గానీ, అంతటి పుస్తకం మా చేతుల్లో ఉండేది కాదు. ఆ అసూయ నాకు ఇప్పటికీ ఉంది. అయితే పుస్తకం ఎంత మంచిదైనా, సెట్టును బిగించింది ఎవరో గృహస్థుడు. ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మిన కాలిన్స్ కంపెనీ సెట్టులో ఫ్యాక్టరీ పనితనం కొంటావు, హీత్‌కిట్‌లో ఆ అజ్ఞాత గృహస్థుడి పనితనం కొంటావు. కనుక ఒకే మోడల్‌లోని రెండు సెట్లు ఒకేలా ఉంటాయని ఎన్నడూ నమ్మవద్దు.

అందువల్ల ముందుగా అసలు మాన్యువల్ ఉందేమో అడుగు. టిక్కులు చివరివరకు ఉండి, ఆనాడు కొలిచిన రెసిస్టెన్సు విలువలు పెన్సిలుతో రాసి ఉంటే, బిగించినవాడు ఓపిక గలవాడని తెలుస్తుంది. తరువాత పై మూత తీయించి చూడు. అడుగు పలక కూడా విప్పనిస్తే మరీ మంచిది. బూడిదరంగు తేలి ముద్దలుగా ఉన్న డ్రై సోల్డర్ (సరిగా అతకని) అతుకులు, వేడికి కమిలిన బోర్డు, తరువాతి యజమానులు అతికించిన అదనపు తీగలు కనబడితే ధర తగ్గించమను, లేదా వదిలివేయి. వీఎఫ్‌ఓ (ఫ్రీక్వెన్సీని మార్చి నిర్ణయించే భాగం) విషయంలో మరింత జాగ్రత్త అవసరం: ఎస్‌బి వరుసలో ఆ భాగం బిగించిన స్థితిలోనే వచ్చేది, హెచ్‌డబ్ల్యు-101లో మాత్రం కొన్నవాడే కట్టుకోవాలి కాబట్టి ఫ్రీక్వెన్సీ జారిపోవడానికి అతని చేతిపనే కారణం కావచ్చు.

ఇంటికి తెచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టవద్దు. ఇది వాల్వుల (గాజు వాక్యూమ్ ట్యూబుల) సెట్టు. చివరి దశలోని రెండు 6146 వాల్వుల ప్లేట్లకు దాదాపు 800 వోల్టుల డీసీ అందుతుంది, స్విచ్చు కట్టేసిన తరువాత కూడా కండెన్సర్లలో అది నిలిచి ఉండవచ్చు. ప్లగ్గు తీసి, తగిన రెసిస్టరు ద్వారా వాటిని డిశ్చార్జి చేసి, మీటరుతో సున్నా అని నిర్ధారించుకున్న తరువాతే చేయి పెట్టు. పవర్ సప్లయిలోని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు అర్ధశతాబ్దం నాటివి అయ్యే అవకాశం ఉంది కనుక, అవి పనిచేస్తున్నట్లు కనిపించినా మార్చివేయి. ఆ పిమ్మట మాన్యువల్‌లోని రెసిస్టెన్సు పట్టికను మొదటి నుంచి సరిచూసుకో. చివరి వాల్వులు మారిస్తే న్యూట్రలైజేషన్ (ఆ వాల్వులు తమంతట తాము డోలనం చేయకుండా సరిదిద్దడం) తప్పక మళ్లీ చేయాలి.

విడిభాగాల కోసం బెంటన్ హార్బర్‌కు ఉత్తరం రాసే రోజులు పోయాయి. 1979లో జెనిత్ ఆ సంస్థను కొన్నది ముఖ్యంగా కంప్యూటర్ల కోసం. యంత్రాలతో బిగించిన వస్తువు కిట్టుకన్నా చౌక అయిపోయాక 1992లో కిట్ల అమ్మకం ఆగిపోయింది. అందుచేత పనిచేయని రెండో సెట్టు తక్కువ ధరకు దొరికితే, భాగాల కోసం దానినీ తీసుకో. ఈ సెట్టుకు కరెంటు అందించే హెచ్‌పి-23 పవర్ సప్లయిని విడిగా అమ్మేవారు కాబట్టి, చెప్పిన ధరలో అది కలిసి ఉందో లేదో డబ్బు ఇచ్చే ముందే తేల్చుకో.

ఇట్లు,
మీ మామయ్య