ఇక్కడి పులుపు, మన పప్పు

చదువుకో ఉద్యోగానికో కొత్తగా న్యూజెర్సీ వచ్చిన మన పిల్లలు, మొదటి నెల గడిచేసరికి నా దగ్గర వెళ్ళబోసుకొనే బాధ ఇంచుమించు ఒకటే. శనివారం ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్ళి దోసెయో బిర్యానీయో తిని వస్తారు. మిగిలిన రోజుల్లో వండుకుంటూనే ఉంటారు కానీ, "ఎంత జాగ్రత్తగా చేసినా ఇంటి పప్పు రుచి రావడం లేదండీ, ఇక్కడి కూరగాయల్లోనే ఏదో లోపం ఉంది" అంటారు. నేను 2004లో వచ్చినప్పుడు నాదీ ఇదే ఫిర్యాదు. లోపం కూరగాయల్లో కాదని, పులుపులో ఉందని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

మన ఇళ్ళలో పప్పును ఏడాది పొడవునా ఒకే పులుపుతో వండరు. ఎండలు ముదిరితే మామిడికాయ, చింతచిగురు. వానలు పడితే వాక్కాయ. పెరట్లో మొలిచిన చుక్కకూర, గోంగూర. ఇవేవీ చేతికి అందని రోజున మాత్రమే చింతపండు. ఇక్కడికి వచ్చాక ఆ వరుస అంతా పోయి, సీసాలో నల్లగా, బంకలాగా ఉండే చింతపండు గుజ్జు ఒక్కటే మిగులుతుంది. పాలకూర వేసినా, సొరకాయ వేసినా, టమాటా వేసినా అదే గుజ్జు పడుతుంది కనుక సోమవారం పప్పుకూ గురువారం పప్పుకూ తేడా తెలియదు. నాలుక మొరాయించేది అందుకే.

ఈ సంగతి నాకు నేర్పింది మన హోటళ్ళు కావు. ఆఫీసులో నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు తలా ఒక వంటకం తెచ్చుకొని కలిసి తినే ఆనవాయితీ ఉంటుంది, మీరూ చూస్తారు. శాకాహారిని కనుక ఆ బల్ల మీద నా వంతుకు మిగిలింది రొట్టె ముక్క, బంగాళాదుంప ముద్ద, పక్కన చిన్న గిన్నెలో ముదురు ఎరుపు రంగు పచ్చడి వంటిది. అది క్రాన్‌బెర్రీ అనే చిన్న ఎర్రటి పుల్లని కాయతో చేసిన సాస్. చక్కెర దట్టంగా పట్టించారు. అయినా ఆ తీపి కరిగిపోయిన తరువాత నాలుక అంచున మిగిలిన వగరుతో కూడిన పులుపు నాకు ఎక్కడో తెలిసినట్టే అనిపించింది. సాయంత్రం బండి నడుపుతూ ఉండగా గుర్తుకు వచ్చింది: వాక్కాయ!

ఆ దారిలోనే ఒక సంచీ క్రాన్‌బెర్రీలు కొన్నాను. రాత్రి చేసిన పప్పు మాత్రం ఎవరూ తినలేకపోయారు. కందిపప్పు, క్రాన్‌బెర్రీలు, అలవాటు కొద్దీ ఒక చెంచా చింతపండు గుజ్జు అన్నీ ఒకేసారి కుక్కర్‌లో పడవేసి అయిదు కూతలు రానిచ్చాను. మూత తీస్తే పప్పు పలుకులు పలుకులుగా ఉంది, పళ్ళు పులిసిపోయాయి. గట్టి పులుపు పక్కన ఉంటే పప్పు మెత్తబడదు. మామిడికాయతో కలిపి ఉడికించి నెగ్గుకు రాగలిగిన వారు కూడా ఈ కాయతో ఆ పని చేయవద్దు.

సరైన పద్ధతి ఇది. ఒక గ్లాసు కందిపప్పును పసుపు వేసి విడిగా మెత్తగా ఉడికించి పెట్టుకోండి. మూకుడులో రెండు చెంచాల నూనె కాగిన తరువాత ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, చిటికెడు మెంతులు, ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు వేసి, అందులోనే నిలువునా చీల్చిన నాలుగు పచ్చిమిరపకాయలు, ముప్పావు గ్లాసు క్రాన్‌బెర్రీలు వేయండి. వేడికి ఒక్కొక్క కాయ తోలు టప్పున పగులుతుంది, ఎర్రటి రసం పైకి చిందుతుంది. చొక్కా మీద ప్రేమ ఉంటే మూత పెట్టండి. చప్పుడు ఆగేసరికి కాయలన్నీ మెత్తబడి, నూనె అంచుల్లోంచి బయటకు వస్తుంది. అప్పుడు ఉప్పు, గోళీకాయంత బెల్లం, ఉడికిన పప్పు కలిపి రెండు పొంగులు రానిస్తే చాలు. ఈ కాయలో చిక్కబడే గుణం ఎక్కువ కనుక దించేటప్పుడు పప్పు కాస్త పలుచగా కనిపించాలి. చల్లారితే అదే గట్టిపడుతుంది. మెంతులూ బెల్లమూ మానవద్దు. వాక్కాయలో లేని చిరుచేదు దీనిలో ఉంది, దానిని లొంగదీసేది బెల్లమే. వాక్కాయలాగా చీల్చి గింజలు తీసే బాధ, వేళ్ళకు అంటే జిగురు మాత్రం ఇక్కడ లేవు.

పన్నెండు ఔన్సుల సంచీ, అంటే సుమారు 340 గ్రాములు, పూర్తిగా తరిగి నూనెలో దగ్గరపడేదాకా వేయించి నిలువ చేసుకుంటే మూడు గ్లాసుల బియ్యానికి సరిపడే పులిహోర ముద్ద అవుతుంది. తాజా కాయ సెప్టెంబరు చివర మొదలై పండుగల నెలలతో అయిపోతుంది. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ దాటగానే ధర తగ్గుతుంది. అప్పుడు నాలుగు సంచీలు కొని, కడగకుండా, సంచీ విప్పకుండా అలాగే ఫ్రీజర్‌లో పెట్టండి. మళ్ళీ కాపు వచ్చేదాకా నిలుస్తాయి. ఎండబెట్టి చక్కెర పట్టించిన క్రాన్‌బెర్రీలు వేరే సరుకు, పప్పుకు పనికిరావు.

రెండో పాఠం ఒక చిన్న మెక్సికన్ హోటల్‌లో దొరికింది. కూర్చోగానే మొక్కజొన్న వడియాల వంటి చిప్స్‌తో పాటు ఎర్రనిది ఒకటి, పచ్చనిది ఒకటి రెండు గిన్నెలు పెడతారు. పచ్చని దానిని మన పచ్చి టమాటా పచ్చడే అనుకున్నాను. అది టొమాటియో అనే వేరే కాయ. కాగితం వంటి తొడుగులో కాస్తుంది. మన పొలంగట్ల మీద బుడగ లాంటి తొడుగులో కాసే చిన్న పండ్లకు వరుసకు పెద్దమ్మ కొడుకు అనుకోండి. వాళ్ళు చేసే పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది: కాయలనూ మిరపకాయలనూ వెల్లుల్లినీ పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చి, రాతి రోట్లో ఉప్పు వేసి నూరుతారు. ఇది అచ్చంగా రోటి పచ్చడి. తాలింపు ఒక్కటే తక్కువ. అసలు మిరపకాయ ఆ నేలలోనే పుట్టి, తరువాత పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది కనుక, ఈ విషయంలో పాఠం చెప్పే హక్కు వారికే ఉంది.

ఇంట్లో చేయాలంటే అర కిలో టొమాటియోలు తీసుకొని, తొడుగు ఒలిచి, కాయ మీది జిగట పోయేదాకా గోరువెచ్చని నీళ్ళలో కడగండి. ఆ జిగట మిగిలితే పచ్చడి చేదెక్కుతుంది. అపార్టుమెంట్ ఎలక్ట్రిక్ పొయ్యి మీద కాల్చే సాహసం చేస్తే పొగ గంట మోగి పక్కింటివారందరూ పరిచయమవుతారు కనుక, ఓవెన్‌లో పైనుంచి మంట తగిలే అరలో ఎనిమిది నిమిషాలు ఉంచి తీయండి. వేయించిన రెండు చెంచాల నువ్వులు, ఆరేడు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి కలిపి బరకగా తిప్పి తాలింపు పెట్టండి. మెత్తగా రుబ్బితే అందం పోతుంది. చింతపండు అసలు అక్కరలేదు.

అదే హోటల్‌లో హమైకా అనే ఎర్రటి పానీయం ఇస్తారు. అది ఎర్ర గోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకుల నుంచి తీసినది. ఆ ఎండు రేకులు మెక్సికన్ దుకాణాల్లో సంచుల్లో అమ్ముతారు. మన పల్లెల్లో గోంగూర కాయల పచ్చడి తిన్నవారికి ఇక చెప్పేదేమీ లేదు: గుప్పెడు రేకులను వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, పిండి, ఎండుమిరపకాయలతో నూనెలో మగ్గించి నూరుకోవడమే. ఆకు గోంగూర పచ్చడి అవుతుందని మాత్రం నేను మాట ఇవ్వను, ఆకుకు ఆకే. మే నెల మధ్యలో మంచు భయం పోయాక కుండీలో విత్తనాలు చల్లితే, తొలి మంచు పడేదాకా ఆకు కోసుకోవచ్చు.

వసంతంలో రైతుల సంతకు వెళితే ఎర్రటి కాడల కట్టలు కనిపిస్తాయి. అది రూబార్బ్. ఇక్కడివారు స్ట్రాబెర్రీతో కలిపి "పై" అనే తీపి వంటకం చేస్తారు. ఒక భోజనశాలలో అది తిన్నప్పుడే చుక్కకూర గుర్తుకు వచ్చింది. ఊరికే రాలేదు, రెండూ ఒకే మొక్కల కుటుంబానికి చెందినవి. అంగుళం ముక్కలుగా కోసి తాలింపులో వేస్తే అయిదారు నిమిషాల్లో కరిగిపోతాయి, తరువాత ఉడికిన పప్పు కలపడమే. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి: చుక్కకూరలో మనం తినేది ఆకు, రూబార్బ్ ఆకు విషం. ఆక్సాలిక్ ఆమ్లం మొదలైనవి అందులో ప్రమాదకరమైన మోతాదులో ఉంటాయి. కాడే తినాలి, పెరటి మొక్క ఎవరైనా ఆకులతో సహా ఇస్తే ఆకులు కోసి పారవేయాలి. మూత్రపిండాల్లో రాళ్ళ బాధ ఉన్నవారు కాడ జోలికి కూడా పోకపోవడం మంచిది, చుక్కకూరకు దూరంగా ఉండమన్నట్టే.

గ్రానీ స్మిత్ అనే ఆకుపచ్చ యాపిల్‌ను మామిడికాయకు బదులు వాడమని చాలామంది చెబుతారు. తురిమి పులిహోరలో కలిపితే, నిమ్మరసం తోడైతే, బాగానే ఉంటుంది. పప్పులో వేస్తే తియ్యగా నీరసంగా తయారవుతుంది, నాకు నచ్చదు.

ఇంతా చదివి, బయట తినడం మానమంటున్నానని అనుకోకండి. ఈ రాష్ట్రంలో హోటల్ భోజనం మీద 6.625 శాతం అమ్మకపు పన్ను ఉంది, పైగా వడ్డించిన వారికి 18 నుంచి 20 శాతం ఇవ్వడం మర్యాద. పదిహేను డాలర్ల పళ్ళెం లేచేసరికి పంతొమ్మిది అవుతుంది. వండుకొనే సరుకు మీద ఆ పన్ను లేదు. అందుకే వారానికి ఒక్కసారి వెళ్ళినా, ఇంట్లో చేసుకోగల దోసె కోసం కాక, ఇంకా పేరు తెలియని వంటకం కోసం వెళ్ళమంటాను. కొత్త పులుపు తగిలితే అది దేనితో చేశారో వడ్డించేవారిని అడగండి. సంతోషంగా చెబుతారు, ఒక్కోసారి వంటగదిలోంచి కాయ తెచ్చి చూపిస్తారు.

ఇక ఇండియా వెళ్ళివచ్చేటప్పుడు పెట్టెలో ఏం సర్దుకోవాలనే ప్రశ్న. చింతపండు, ఇంగువ, మెంతులు ఇక్కడ దొరుకుతాయి, బరువు దండగ. కరివేపాకు తాజాది తేవద్దు. నిమ్మ నారింజ తోటలను చంపే తెగులు దానితో వస్తుందన్న భయంతో విమానాశ్రయంలో తీసి పారవేస్తారు. తెచ్చిన తినుబండారాలేవైనా సరే, అడిగిన చోట దాచకుండా చెప్పండి. ఖాళీ మిగిలితే ఎర్ర గోంగూర విత్తనాలు తేవాలని మనసు లాగుతుంది కానీ, ధ్రువపత్రం లేని విత్తనాలను కూడా ఆపుతారు; అవి ఇక్కడే, ఏప్రిల్‌లో ఇండియన్ దుకాణాల్లో కొనుక్కోండి.