గిటార్ మీద ఎఫ్ కార్డ్ పడ్తలేదా, తీగలు మార్చే ముందు ఇది చూడు

తమ్మీ, గిటార్‌కు 12 సెట్ (అన్నిట్ల సన్న తీగ 0.012 అంగుళాల మందం) మీద ఎఫ్ కార్డ్ (ఒక్క వేలితోని తీగలన్నీ అడ్డంగ నొక్కే పట్టు) పడ్తలేదు, వేళ్లు మండుతున్నయ్, ఇంకా సన్నదైన 10కి పోవాల్నా అని అడిగినవ్ కదా. ముందుగాల మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగుండే గీత) మీద కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి గదే కార్డ్ ఒక ఫ్రెట్ పైన పట్టు, అల్కగ వస్తే తప్పు తీగలది కాదు, నట్ (మెడ చివర తీగలు కూసునే పట్టీ) గాట్లు ఎత్తుగున్నయ్, హన్మకొండల మంచిగ చేసే రిపేరాయనకు ఇచ్చి జర లోతు చేపిస్తే సాలు. అప్పటికీ గట్టిగనే ఉంటే 11 ఏస్కో. 12 సెట్ మొత్తం గుంజుడు 70 కిలోల పైనే, 10 అయితే 60 దగ్గర, వేళ్లకు సుఖమే గానీ సౌండ్ పల్చగైతది, నాకైతే నచ్చది. సన్న తీగలు ఎక్కించినంక గరగర అంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) కొంచెం లూజ్ చెయ్యాలె, పావు చుట్టు దాటకు. పైసలు పెట్టకుండ కావాలంటే తీగలన్నీ అర మెట్టు (ఒక ఫ్రెట్ అంత) కిందికి ట్యూన్ చేస్కో, గుంజుడు 11 శాతం దాకా తగ్గుతది.