తల తిప్పింది ఎవరు?

చిరంజీవికి,

పిల్లల కోసం ఆడియో పుస్తకంగా తెస్తున్న నీ నవల మొదటి మూడు అధ్యాయాలు విన్నాను. నువ్వే చదివి రికార్డు చేసి పంపడం ఒకందుకు మంచిదే అయింది. కాగితం మీద చదివుంటే నాకు ఇంత చిరాకు వచ్చేది కాదు. మూడో అధ్యాయం, పదకొండో నిమిషం: "గోడ పక్కన ఆగింది. తల తిప్పింది. ఎర్ర లైటు వెలిగింది." ఎవరమ్మా ఆగింది? పారిపోతున్న శరణ్యా, వెంటపడ్డ కాపలా యంత్రమా? రెండుసార్లు వెనక్కి జరిపి విన్నా తేలలేదు.

మన క్రియతో వచ్చిన తంటా ఇది. అబ్బాయయితే 'ఆగాడు', గొడవ లేదు. అమ్మాయీ 'ఆగింది', యంత్రమూ 'ఆగింది'. పైగా కర్తని మింగేయడం మనకి అలవాటు. అచ్చులో కన్ను రెండు లైన్లు పైకి వెళ్ళి వెతుక్కుంటుంది. వినేవాళ్ళ ఫోన్ జేబులో ఉంటుంది, చేతులు వేరే పనిలో ఉంటాయి. పద్నాలుగేళ్ళ పిల్ల వెనక్కి జరపదు, ఆపేస్తుంది. కాబట్టి అమ్మాయీ యంత్రమూ ఎదురుపడ్డ ప్రతిచోటా, రెండు మూడు వాక్యాలకోసారి పేరు వినపడాలి. ఇంకో దారి కూడా ఉంది. ఆ యంత్రానికి పిల్లలు 'మావయ్య' అని పేరు పెట్టుకున్నారనుకో. "మావయ్య తల తిప్పాడు." అయోమయం పోయింది, భయం ఇంకాస్త పెరిగింది.

సంభాషణల్లోనూ ఇదే చిక్కు. 'అంది శర్వాణి' అనేది ఆరు వాక్యాలయ్యాక వస్తే, ఆ ఆరూ అప్పటికే వేరే మనిషి నోట విని ఉంటాం. "శర్వాణి గొంతు తగ్గించింది" అని ముందు చెప్పి, తర్వాత మాట్లాడించు. అసలు శరణ్య, శర్వాణి, శ్రావ్య అని ముగ్గుర్నీ ఒకే అక్షరంతో ఎందుకు మొదలుపెట్టావు? చెవి మొదటి అక్షరాన్నే పట్టుకుంటుంది. ఇద్దరి పేర్లు మార్చెయ్, పొడవులో కూడా తేడా ఉండేలా చూడు. నీ కథలో 'ఖండం' అనే మాట కూడా అంతే. ఒత్తు అచ్చులో కనిపిస్తుంది, మాటలో జారిపోతుంది. రెండో అధ్యాయంలో నువ్వే 'కండం' అని చదివావు.

ఇక కొన్నిచోట్ల నువ్వు వాడిన ఉత్తమ పురుష ('నేను' అంటూ చెప్పడం), వర్తమాన కాలం. 2008లో 'ది హంగర్ గేమ్స్' ఇంగ్లీషులో అలా వచ్చినప్పట్నుంచి భయపెట్టే భవిష్యత్తు గురించి టీనేజీ పిల్లలకి రాసే నవల అంటే అలాగే రాయాలని ఒక ఫ్యాషన్. 'ఐ రన్' అంటే రెండు దెబ్బలు. 'పరిగెత్తుతున్నాను' అంటే ఏడక్షరాలు, అప్పటికి మావయ్య పట్టేసుకుంటాడు. అన్ని వాక్యాలూ 'తున్నాను' మీద ముగిస్తే డప్పు మోగినట్టు ఉంటుంది తప్ప పరుగు వినపడదు. భూతకాలంలోకి మార్చు. ఇది పాతకాలపు వాసన అనే సంపాదకులు ఉన్నారు. వాళ్ళు ఒక్క పేజీ కూడా పైకి చదివి చూడరు.

కొత్త లోకానికి పదకోశం చివర్లో పెట్టమని కూడా వాళ్ళే చెబుతారు. ఎనిమిది గంటల రికార్డింగు చివర పదకోశం ఎవరికి? నీ మొదటి అధ్యాయంలో కొత్త మాటలు పదిహేడు. మూడు చాలు. ప్రతిదీ ఒక పనితో పాటు రావాలి. 'పాసుచుక్క' అంటే ఏమిటో వివరించకు. శరణ్య మణికట్టు తలుపుకి ఆనించాలి, తలుపు తెరుచుకోకూడదు. అయిదు నిమిషాల్లోపు ఆ మాట ఇంకోసారి వినిపించాలి, లేకపోతే మరిచిపోతారు.

నీ కథలో గుట్టు దాచుకున్న 'శుద్ధి' అన్న మాట వచ్చినప్పుడల్లా గొంతుతో నొక్కావు. కొటేషన్ గుర్తులు వినిపించవు కదా అని భయపడినట్టున్నావు. అలా నొక్కితే పిల్లలు గుట్టు అప్పుడే పసిగట్టేస్తారు. 'స్నానం' అన్నంత మామూలుగా చదువు. మైకు ప్రకటనలకి పెట్టిన ప్రతిధ్వని తీసెయ్, ద్విత్వాల్నీ సంయుక్తాల్నీ అది తినేస్తోంది. ఒకటిన్నర వేగంలో వినేవాళ్ళకి అసలేమీ మిగలదు. ఆ ప్రకటనని హెచ్చుతగ్గులు లేకుండా, మిగతా కథ కన్నా నెమ్మదిగా చదివితే చాలు.

సైరను గురించి ఒక్క మాట. ఆడియో పుస్తకాలు అమ్మే ఆడిబుల్ కోసం, రికార్డింగులు తీసుకునే ఏసీఎక్స్ అనే వేదిక పెట్టిన కొలతల ప్రకారం సగటు శబ్దం మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెళ్ళ మధ్య ఉండాలి, అతి పెద్ద శబ్దం మైనస్ 3 దాటకూడదు, గది రొద మైనస్ 60 లోపు ఉండాలి. నీ సైరను సున్నా తాకింది. దానికోసం మొత్తం ధ్వని తగ్గిస్తే కథలోని అవ్వ గొంతు వినపడదు. నీ రికార్డింగులో ఫ్యాను హోరు కూడా ఉంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో గట్టిగా తుడిస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు అవుతుంది, కాబట్టి చదివేటప్పుడే ఆపు. మైకు జానెడు దూరంలో, నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి ఉంచు. 'ప', 'భ' దగ్గర వస్తున్న ఆ గాలి దెబ్బలు పోతాయి.

చీకట్లో అవ్వ, మునిగిపోయిన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, మధ్యలో ఆగే చోటు మాత్రం ముట్టుకోకు. ఆ ఖాళీల్ని ఎడిటింగులో కత్తిరించకు.

నవల మూడు భాగాలు చేయాలా అని అడిగావు, బొమ్మల సంగతీ అడిగావు. అవి తర్వాత. ముందు మూడో అధ్యాయం తిరగరాసి, తెల్లవారుజామున చదివి పంపు. ఒక ఫైలు 120 నిమిషాలు దాటనివ్వకు.

ఆశీస్సులతో