స్టూడెంట్ పైలట్ సెస్నా 182లో సోలో వెళ్లొచ్చా?

అన్నా, అమెరికాలో ట్రైనింగ్‌లో ఉన్న మీ అమ్మాయిని లైసెన్స్ రాకముందే సెస్నా 182 అనే చిన్న విమానంలో సోలోకి, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా నడపడానికి, పంపుతామంటున్నారని, చిత్తూరులో మీకు నిద్ర పట్టడం లేదని రాశారు. నేను అక్కడే నేర్చుకుని తిరుపతికి తిరిగొచ్చాను, 182 నడిపాను. పంపొచ్చు, రూలు అడ్డం రాదు.

అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ లెక్కలో ఇంజిన్ 200 హార్స్‌పవర్ దాటితేనే హై పెర్ఫార్మెన్స్ విమానం. సరిగ్గా 200 ఉంటే ఆ కోవలోకి రాదు. మామూలుగా నేర్పే సెస్నా 172ఎస్‌కి 180, 182కి 230. అందుకే 182కి విడిగా నేర్పి ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో సంతకం పెడతారు. సోలో సంతకం వేరే. అది ఫలానా మోడల్‌కే, 90 రోజులే చెల్లుతుంది. రెండూ ఉన్నాయో లేదో అమ్మాయినే చూసుకోమనండి.

అసలు సంగతి స్పీడు కాదు, ముక్కు బరువు. దిగేటప్పుడు పవర్ తీసేస్తే ముక్కు వాలిపోతుంది. ట్రిమ్ (యోక్ మీద చేతి బరువు తగ్గించే చక్రం) ముందే సరిచేసుకుని, యోక్‌ని, అంటే స్టీరింగ్ లాంటి పిడిని, గట్టిగా వెనక్కి పట్టాలి. పట్టు తగ్గితే ముందు చక్రమే మొదట నేలకు తగులుతుంది, ఆ దెబ్బకు ఇంజిన్ వెనకుండే ఫైర్‌వాల్ అనే లోహపు గోడ వంగొచ్చు. పాత 182 కొనేవాళ్లు తప్పకుండా చూసేది అదే.

అంతకంటే నాకు భయం గో-అరౌండ్, అంటే దిగడం ఆపి మళ్లీ పైకి లేవడం. రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్స్ పూర్తిగా దించి, ట్రిమ్ వెనక్కి ఉన్నప్పుడు ఫుల్ పవర్ ఇస్తే ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఎడమకు లాగుతుంది. ఆ క్షణంలో చేత్తో యోక్ ముందుకు నెట్టాలి, కుడికాలితో ముక్కును పక్కకు తిప్పే రడర్ పెడల్ నొక్కాలి, ఆపైన ట్రిమ్ తిప్పాలి. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా ఇది ఎన్నోసార్లు, ఎవరూ గుర్తుచేయకుండా చేసిందా అని అడగండి. చేయకపోతే సోలో వద్దనండి.

ప్రొపెల్లర్ వేగాన్ని సరిచేసే లివర్, ఇంజిన్‌ని చల్లబరిచే గాలి కోసం తెరిచే కౌల్ ఫ్లాప్స్ త్వరగానే అలవాటవుతాయి. తిరుమల నుంచి దిగే డ్రైవర్ మలుపు రాకముందే గేరు తగ్గించినట్టు, రన్‌వేకి చాలా ముందు నుంచే పవర్ తగ్గించుకుంటూ రావడం మాత్రం నేర్చుకోవాలి.

మొదటి నుంచీ 182లోనే నేర్చుకుంటే పిల్లలకు అదే మామూలు విమానం. 172లో చేయి కుదురుకుంటున్న సమయంలో మార్చడమే నాకు నచ్చదు. పైగా ఖర్చు! 172 గంటకు ఎనిమిది, తొమ్మిది గ్యాలన్లు తాగితే 182 సుమారు 13 తాగుతుంది. లైసెన్స్ 172లోనే పూర్తిచేసి ఆ తర్వాత 182కి వెళ్లమనే నా సలహా.

అయినా వెళ్తానంటే, స్టూడెంట్ సోలోకి ఆ విమానం ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. రూలు ఒప్పుకున్నా పాలసీ ఒప్పుకోకపోవచ్చు.