దీర్ఘ శ్వాస చేస్తుంటే తల తిరుగుతోంది, తప్పెక్కడ?

గ్రూప్-2కి చదువుతున్నానని, పుస్తకం తీయగానే గుండె దడ వస్తోందని, దీర్ఘ శ్వాస మొదలుపెడితే తల తిరుగుతోందని రాశారు. అచ్చం ఇదే నాకూ జరిగింది.

చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని చదువుకునే రోజుల్లో, ఎవరో చెబితే పొద్దున్నే లేచి రొమ్ము విరుచుకుని బలంగా గాలి పీల్చేవాడిని. రెండు నిమిషాలకే వేళ్లు తిమ్మిరెక్కేవి, కళ్లు బైర్లు కమ్మేవి. ప్రాణాయామం నా ఒంటికి పడదనుకుని మానేశాను. గబగబా, బలంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోయి, మెదడులోని రక్తనాళాలు సన్నబడతాయని తర్వాత తెలిసింది. తల తిరిగేది అందుకే. కాబట్టి అలా అనిపించిన వెంటనే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి.

నన్ను దారిలో పెట్టింది మా పెద్దమ్మ. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద ఒక పుస్తకం పెట్టి, "రొమ్ము కదలకూడదురా, పుస్తకం లేవాలి" అంది. మొదటి మూడు రోజులు పుస్తకం కదిలితే ఒట్టు. నాలుగో రోజు మెల్లగా లేచి, మెల్లగా దిగింది. బలం పెట్టడం మానేశాక వచ్చింది అది.

మనమంతా పూరకం మీదే, అంటే పీల్చడం మీదే పడతాం. నా అనుభవంలో మనసును నెమ్మదింపజేసేది రేచకం, అంటే వదలడం. కుదురుగా కూర్చుని మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి: పీల్చేటప్పుడు కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. అందుకే సెకనుకో అంకె చొప్పున లెక్కపెడుతూ 4 అంకెలు పీల్చి, 6 అంకెలు వదలండి, రెండూ ముక్కుతోనే. అలా నిమిషానికి 6 శ్వాసలు అవుతాయి. మామూలుగా మనం 12 నుంచి 20 దాకా తీసుకుంటాం. 6 అంకెలు వదలడం కష్టమైతే 3 పీల్చి, 5 వదలడంతో మొదలుపెట్టండి. మధ్యలో మనసు సిలబస్ మీదికి పోతుంది, పోనివ్వండి. లెక్క తప్పిన చోట మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకోండి. నాకు ఏకాగ్రత కుదిరింది ఈ మళ్లీ ఎత్తుకోవడంలోనే.

లెక్క విసుగనిపిస్తే భ్రామరి చేయండి. పెదవులు మూసి తుమ్మెదలా 'మ్...' అంటుంటే ఊపిరి దానంతటదే పొడవుగా సాగుతుంది.

పరగడుపున 5 నిమిషాలు చాలు. తిన్న వెంటనే వద్దు. ఊపిరి బిగబట్టే కుంభకం జోలికి ఇప్పుడే పోకండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు కుంభకం అసలే చేయకూడదు. చదువు ఊసు లేనప్పుడూ దడ వస్తుంటే మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించుకోండి.

పరీక్ష రోజు ఓఎంఆర్ షీటులో వివరాలు నింపాక, ప్రశ్నపత్రం చేతికొచ్చేలోపు ఐదారు శ్వాసలకు సమయం దొరుకుతుంది. నేను అలాగే చేశాను, పక్కవాళ్లకు తెలియను కూడా తెలియలేదు.